ఉండకట్టిన శుద్ధత

శుద్ధతా కమిషనర్ త్రిలోచనమూర్తి సీసా మీది లేబుల్‌ని రెండోసారి చదవడం మొదలుపెట్టగానే డైరెక్టర్ సుందరేశం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ లేవమనలేదు. పై అధికారి ఏదైనా రెండోసారి చదివితే లేచి నిలబడాలన్నది ఉద్యోగం ఆయనకు నేర్పిన విద్య.

పక్క కుర్చీలో ఉన్న డాక్టర్ వకుళ లేవలేదు. పాముకాటు మందు తయారుచేసే ఆ ప్రభుత్వ సంస్థలో నాణ్యత విభాగానికి ఆమె అధిపతి. ఆమె సంతకం లేకుండా ఒక్క సీసా కూడా గేటు దాటదు. చుట్టుపక్కల వేరుశనగ చేలల్లో తొలకరి తర్వాత పాములు ఎన్ని తిరుగుతాయో, ఎంతమంది కూలీలు వాటి మీద కాళ్లు వేస్తారో ఆమెకు బాగా తెలుసు. తొలకరి ఇంకెంతో దూరం లేదు.

"ఇందులో చక్కెర ఎందుకుందమ్మా?" అన్నాడు కమిషనర్.

"మందు పాడవకుండా సార్."

"ఉప్పు?"

"దానిక్కూడా పని ఉంది సార్."

"ఆర్జినిన్ అట. పాలీసార్బేట్ అట. ఇవన్నీ ఎవరు, సుందరేశంగారూ? మీకు తెలిసినవాళ్లా?"

డైరెక్టర్ ఆ నలుగురితోనూ తనకే సంబంధమూ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ముప్ఫయ్యేళ్లుగా వాటి కొనుగోలు ఆర్డర్ల మీద సంతకం పెడుతున్నది ఆయనే.

వకుళ ఓపిగ్గా మొదలుపెట్టింది. "విషాన్ని పట్టుకునేది గుర్రం రక్తంలోంచి తీసిన ప్రొటీన్ సార్. ప్రొటీన్ అంటే మడతపెట్టిన చీర లాంటిది. దాని జిగురంతా లోపలి మడతల్లో దాగి ఉంటుంది. వేడి తగిలినా, వ్యానులో కుదుపులు తగిలినా మడత విప్పుకుంటుంది. జిగురు బయటపడి పక్కదాన్ని పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసి మూడోదాన్ని పట్టుకుంటాయి. చివరికి ఉండలు కడతాయి. ఉండకట్టిన మందు పనిచేయదు. పైగా ఒంట్లోకి ఎక్కిస్తే ప్రమాదం. చక్కెర ఉంటే మడత బిగువుగా నిలుస్తుంది. ఆర్జినిన్ జిగురున్న చోట అడ్డంగా కూర్చుంటుంది. నీళ్లకీ గాలికీ మధ్య అంచు దగ్గర ప్రొటీన్ త్వరగా చెడిపోతుంది, అందుకని ఆ అంచుని పాలీసార్బేట్ ముందే ఆక్రమించుకుంటుంది. ఉప్పేమో మందు గాఢతని రక్తానికి సరిపెడుతుంది."

"ఉప్మా రవ్వని నేతిలో వేయిస్తాం చూడండి సార్, ఉండకట్టకుండా..." అని డైరెక్టర్ సాయం చేయబోయాడు.

"నేను ఉప్మా తినను," అన్నాడు కమిషనర్. డైరెక్టర్ ఇక ఉప్మా జోలికి పోలేదు.

"సూటిగా చెప్పండమ్మా. ఈ నలుగురిలో విషాన్ని పట్టుకునేది ఎవరు?"

"ఎవరూ కాదు సార్."

"అంటే పనిచేసేది ఒకటి. పనిచేయనివి నాలుగు."

"అవి లేకపోతే పనిచేసేది కూడా పనిచేయదు సార్."

కమిషనర్ జాలిగా నవ్వాడు. "ప్రతి ఆఫీసులోనూ పనిచేయనివాళ్లు చెప్పే మాట అదేనమ్మా."

*

ఏకనామ విధానం పుట్టింది పాలలోంచి. రాజధానిలో ఒక పెద్దమనిషి ఇంటి పాలలో నీళ్లు కలిశాయి. మర్నాటికి శుద్ధతా కమిషన్ ఏర్పడింది. ప్రభుత్వ సంస్థ తయారుచేసే ఏ వస్తువు మీదైనా ఒక్క పదార్థం పేరే ఉండాలి, రెండో పేరు కనబడితే అది కల్తీ అని కమిషన్ తేల్చింది. విధానం సులువుగా ఉంది కాబట్టి అందరికీ నచ్చింది. హాస్టళ్ల సాంబారు పొడిలో ధనియాలు మాత్రం మిగిలాయి. పిల్లలు ధనియాల నీళ్లు తాగి, సాంబారుకు జైకొట్టమంటే కొట్టారు. జైలు ఖైదీలు చేసే అగరుబత్తీల్లో పుల్ల ఒక్కటే మిగిలింది. పొగ రాలేదు కాబట్టి కాలుష్యం కూడా తగ్గిందని కమిషన్ తన ఖాతాలో అదనంగా వేసుకుంది. ఈ విజయాల తర్వాత త్రిలోచనమూర్తి కన్ను పాముకాటు మందు మీద పడింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇకపై మందులో ప్రొటీన్, నీళ్లు తప్ప మరేమీ ఉండరాదు. నీళ్ల మీద కమిషన్‌లో చర్చ జరిగిందట. పాల గొడవ నీళ్లతోనే మొదలైంది కాబట్టి కొందరు అభ్యంతరం చెప్పారట. చివరికి నీళ్లను తాత్కాలికంగా అనుమతించారు. పాత పద్ధతిలో చేసిన నిల్వను కల్తీ సరుకుగా పరిగణించి ధ్వంసం చేయాలి. తొలకరికి ముందే కొత్త మందు అన్ని ఆసుపత్రులకూ చేరాలి.

వకుళ ఉత్తర్వు ప్రకారం కొంత మందు చేయించింది. చూడటానికి నీళ్లలా తేటగా ఉంది. సీసాలను వ్యాను ఎక్కించి, ఊరి బయట గతుకుల రోడ్డు మీద ఓ పూటంతా తిప్పించి, వెనక్కి తెప్పించి వెలుతురులో పెట్టి చూసింది. మందులో తెల్లటి దారపు పోగులు ఈదుతున్నాయి. కొన్ని సీసాల అడుగున పిండి లాంటి మడ్డి పేరుకుంది.

ఆమె మూడు వాక్యాల నివేదిక పంపింది. దాని మీద నాలుగు గంటల సమావేశం జరిగింది.

"ఇది లోపం అని ఎందుకనుకుంటున్నారు?" అన్నాడు కమిషనర్ సీసాని దీపానికెత్తి చూస్తూ. "ఇంతకాలం రోగికి మందు కనబడేది కాదు. నీళ్లు ఎక్కిస్తున్నారో మందు ఎక్కిస్తున్నారో పాపం ఎవరికి తెలుసు? ఇప్పుడు మందు కంటికి కనబడుతోంది. పారదర్శకత అంటే ఇదే."

"కనబడేదంతా చెడిపోయిన మందు సార్," అంది వకుళ.

"మీరు ప్రతికూల భాష వాడుతున్నారు. స్వచ్ఛమైన వాతావరణంలో ప్రొటీన్లు సహజంగా ఐక్యమవుతున్నాయి. మధ్యలో దళారుల్లాంటి ఆ నలుగురు లేకపోవడం వల్ల ఇది సాధ్యమైంది. రాసుకోండి సుందరేశంగారూ, దీన్ని స్వచ్ఛంద సమైక్యత అందాం."

డైరెక్టర్ రాసుకున్నాడు. 'స్వచ్ఛంద' కింద గీత కూడా గీశాడు.

రెండ్రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. సీసాల్లో స్వచ్ఛంద సమైక్యత మితిమీరకుండా వ్యాను డ్రైవర్లు గతుకులు లేని రోడ్ల మీదే వెళ్లాలి. గతుకులు లేని రోడ్డు ఎక్కడుందో అందులో చెప్పలేదు. దాని వెనకే గుర్రాల దాణా మీద ఇంకో సర్క్యులర్ వచ్చింది.

గుర్రాలశాల చూసుకునే దస్తగిరి ఆ కాగితం పట్టుకుని వకుళ దగ్గరకు వచ్చాడు. "ఏం మేడం, ఇది? ఉలవలూ తవుడూ కలపకూడదంట. సోమారం ఉలవలు, మంగళారం తవుడు, బుధారం బెల్లం. బుధారం బెల్లం దిన్న గుర్రం బేస్తారం ఎట్లుంటాదో కమిషనర్ సారు వచ్చి శాలలో నిలబడి జూస్తాడా?"

"గుర్రాలు ఏమంటున్నాయి దస్తగిరీ?"

"అవి ఏమంటాయి మేడం. సర్క్యులర్ సదవలేదు గాబట్టి బతికిపోయినాయి. నేను కలిపే పెడతాండా. మీరు జూళ్లేదనుకోండి."

వకుళ చూడలేదు.

*

కొత్త మందు విడుదల కాగితం మీద మాత్రం ఆమె సంతకం పెట్టలేదు. డైరెక్టర్ ఆమె గదికి మూడుసార్లు వచ్చాడు. మొదట అధికారిగా వచ్చాడు, తర్వాత పెద్దన్నలా వచ్చాడు, ఆఖరికి రక్తపోటు మాత్ర చేత్తో పట్టుకుని వచ్చాడు.

"చూడమ్మా వకుళా, సంతకం అంటే ఏముంది, కాస్త సిరా. పెట్టకపోతే సస్పెన్షన్. నీ బదులు ఇంకెవరినో కూర్చోబెడతారు. వాడు పెడతాడు. అప్పుడు నువ్వూ ఉండవు, మందూ ఆగదు."

"పెట్టినా అదే మందు వెళ్తుంది కదా సార్. కాటు తిన్నవాళ్లకి ఆ దారాలు ఎక్కిస్తారు. నా సంతకం చూసి ఎక్కిస్తారు."

"ఆవిష్కరణ సభ దాకా టైమిచ్చారు. ఆ రోజు వేదిక మీద పెట్టాలట, కెమెరాల ముందు."

సభ సంస్థ ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు. శుద్ధ ఔషధం సీసాలను ఎర్రటి గుడ్డ మీద పేర్చారు. వాటిని కదపొద్దని ఒక పోలీసుని కాపలా పెట్టారు. వైద్య విధుల కోసం పక్క మండలం ఆసుపత్రి నుంచి డాక్టర్ ఓబులేసుని రప్పించారు. చదువైన తర్వాత ఊళ్లో ఉండి పనిచేస్తున్న కుర్రడాక్టరు, చిన్న నవ్వు ఎప్పుడూ మూతి మీద ఉంటుంది. కార్యక్రమానికి అందంగా ఉంటుందని కమిషనర్ ఒక నాగుపామును కూడా తెప్పించమన్నాడు. పాములు పట్టే మనిషి బుట్ట దింపి మూత తీశాడు. పాము నోటికి చిన్న టేపు చుట్టి ఉంది.

"అదేమిటి?" అన్నాడు కమిషనర్.

"టేపు సామీ. కరవకుండా."

"పాము మీద పాము కానిది ఎందుకుంది? శుద్ధ ఔషధం పక్కన కల్తీ పాముని పెట్టి ఫొటో దిగమంటావా?"

పాములవాడు డైరెక్టర్ వంక చూశాడు. డైరెక్టర్ ఆకాశం వంక చూశాడు. వకుళ లేచి, "సార్, వద్దు," అంది. కమిషనర్ చేత్తో ఆమెను కూర్చోమన్నాడు. టేపు తీశారు. ఇప్పుడది విధానం ప్రకారం నూటికి నూరుపాళ్లు పాము. కమిషనర్ దాని వైపు వంగి కెమెరాలకు నవ్వాడు. అది తన స్వభావంలో ఏ కల్తీ లేదని వెంటనే నిరూపించుకుంది.

ఆయన్ని పక్కగదిలోకి మోసుకెళ్లారు. కాసేపటికే కనురెప్పలు వాలడం మొదలైంది. మాట ముద్దగా వస్తోంది. డైరెక్టర్ పరుగున వెళ్లి ఎర్రగుడ్డ మీది సీసాలు ఒడిలో వేసుకొచ్చాడు. పరుగు వల్ల వాటిలో సమైక్యత బాగా పెరిగింది. ఓబులేసు ఒక సీసా కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి పక్కన పెట్టేశాడు.

"ఇది ఎక్కించను సార్. ఈ పోగులు రక్తంలోకి పోతే పాము చేయనిది ఇది చేస్తుంది."

"పాతది," అన్నాడు కమిషనర్, నాలుక సరిగా తిరగక. "పాతది లేదా?"

"దాన్ని ధ్వంసం చేయమని తమరి ఉత్తర్వు సార్," అంది వకుళ.

"చేసేశారా?"

"చేయడానికి తమరి లిఖిత అనుమతి కావాలి. ఫైలు పంపాను. తమరి టేబుల్ మీదే ఉంది."

జీవితంలో మొట్టమొదటిసారి తన టేబుల్ మీద ఫైలు కదలనందుకు త్రిలోచనమూర్తి మొహంలో కృతజ్ఞత కనబడింది. అప్పటికే దస్తగిరి శీతల గది నుంచి పాత సీసాల పెట్టె తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఓబులేసు సెలైన్ వేలాడదీసి మందు కలుపుతుండగా వకుళ మంచం పక్కన వంగింది.

"సార్, ఇందులో చక్కెర ఉంది. ఉప్పుంది. ఆర్జినిన్, పాలీసార్బేట్ ఉన్నాయి. నలుగురూ పనిచేయనివాళ్లే. అభ్యంతరం ఉంటే చెయ్యెత్తండి."

కమిషనర్ ఆ చేతిని రెండో చేత్తో పట్టి మంచానికి అదిమిపెట్టుకున్నాడు.

*

మర్నాటి పత్రికా ప్రకటన అబద్ధం ఒక్కటీ లేకుండా తయారైంది. శుద్ధ ఔషధ ఆవిష్కరణ సభలో కమిషనర్‌ని పాము కరిచింది. అక్కడికక్కడే మందు ఇచ్చారు. కమిషనర్ కోలుకున్నారు. ఏ మందు అన్నది స్థలాభావం వల్ల రాయలేదు.

కోలుకున్న కమిషనర్ ఆసుపత్రి మంచం మీంచే ఇంకో ఉత్తర్వు జారీచేశాడు. ప్రజలకు శుద్ధ ఔషధమే అందాలి, అందులో రాజీ లేదు. కానీ పర్యటనల్లో ఉండే అధికారుల ప్రాణాలు రాష్ట్రానికి అవసరం కాబట్టి వారి కోసం పాత పద్ధతిలో తయారైన 'అధికారుల ప్రత్యేక నిల్వ' ఉండాలి. అధికారి ఎక్కడ కాటుకు గురైనా అది వెంటనే అందాలి. ఈ నిల్వ తయారీకి తొలి ప్రాధాన్యం.

వకుళకు ఒళ్లు మండింది. కాగితం చించబోయి ఆగింది. మళ్లీ చదివింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా మడిచి డైరెక్టర్ గదికి వెళ్లింది.

"ఎన్ని సీసాలు చేద్దామమ్మా?" అన్నాడు డైరెక్టర్. "వందా? నూటయాభై?"

"అధికారులు పర్యటించని ఊళ్ల పేర్లు చెప్పండి సార్. అవి వదిలేసి మిగతా ఊళ్లకి చేద్దాం."

"పర్యటించని ఊళ్లా? అట్లాంటివి ఏవుంటాయి?"

"ఫలానా ఊరికి ఏ అధికారీ ఎప్పటికీ పోడని రాసి సంతకం పెట్టండి చాలు."

డైరెక్టర్ కలం తీసి, మూత తిప్పి, మళ్లీ పెట్టేశాడు. అధికారులు ఊళ్లకు పోరని ప్రభుత్వానికి రాతమూలకంగా తెలియజేసిన మొదటి మనిషిగా చరిత్రలో మిగిలే ఉద్దేశం ఆయనకు లేదు. "అన్ని ఊళ్లకీ చేయమ్మా," అన్నాడు నీరసంగా.

"యంత్రాలు ఒక్కటే సెట్టు సార్. అధికారుల నిల్వ పూర్తయ్యేదాకా ప్రజల మందు చేయడం కుదరదు."

"ఎప్పటికి పూర్తవుతుంది?"

"సీసాలకి గడువు తీరుతుంది కదా సార్. ఆఖరి ఊరికి పూర్తయ్యేసరికి మొదటి ఊరికి మళ్లీ మొదలెట్టాలి."

అలా తొలకరి పడేలోగా ప్రతి ఆసుపత్రికీ అధికారుల మందు చేరింది. ప్రతి పెట్టె మీదా వకుళ సంతకం ఉంది.

*

వేరుశనగలో కలుపు మొదలైన వారానికి ఓబులేసు ఫోన్ చేశాడు.

"మేడం, తిప్పక్క అని కూలీ. రక్తపింజరి కరిచింది. మీ మందు ఎక్కించేసినాను, ఇప్పుడు లేచి కూర్చోని టీ అడగతాంది. తిప్పలేమంటే ఈ మందు ఫారంలో కాలమ్‌లు నింపాల. అధికారి హోదా అని ఒకటుంది, పర్యటన ఉద్దేశం అని ఇంకోటుంది. ఏం రాయమంటారు?"

"ఆమె పొలానికి ఎందుకు పోయింది?"

"కలుపు తీయనీకి."

"మొక్కలన్నిటినీ చూసి పనికిరానివాటిని తీసేయడానికి. క్షేత్ర పరిశీలన అని రాయండి."

"హోదా?"

వకుళ కాస్త ఆలోచించింది. చిన్న హోదా రాస్తే ఎవడో ఒకడు అనుమానిస్తాడు. "డిప్యూటీ కమిషనర్," అంది.

ఓబులేసు నవ్వు ఫోన్లో చాలాసేపు వినబడింది. కానీ అతను ఆ సంగతి కడుపులో దాచుకోలేదు, తోటి డాక్టర్లకు చెప్పాడు. ఆ వానాకాలం జిల్లా పొడుగునా డిప్యూటీ కమిషనర్లు చేలల్లో, దొడ్లలో, గడ్డివాముల దగ్గర కాట్లు తిన్నారు. కొందరు డిప్యూటీ కమిషనర్లు మేకలు కాస్తుండగా తిన్నారు. అందరూ బతికారు.

లెక్కలు రాజధానికి చేరాయి. కమిషన్ కలవరపడింది. శాఖలో ఉన్నవాళ్లకన్నా కరిపించుకున్నవాళ్లు ఎక్కువ తేలారు. త్రిలోచనమూర్తి ఒక అసిస్టెంట్ కమిషనర్ని విచారణకు పంపాడు. పేరు వేణుగోపాల్, తెల్లచొక్కా, కొత్త బూట్లు. నివేదిక తేడాగా వస్తే ప్రత్యేక నిల్వ ఆగుతుంది. వకుళ సస్పెండవుతుంది. ఎర్రగుడ్డ మీది సీసాలు ఆసుపత్రులకు బయలుదేరతాయి. ఆ సంగతి అతను కారులోనే, వకుళ పక్కన కూర్చుని, సౌమ్యంగా చెప్పాడు.

"కోపం పెట్టుకోకండి మేడం. ఒక్క మనిషిని చూస్తే చాలు. మొదటి పేరు తిప్పక్క."

తిప్పక్క చేలోనే ఉంది. కొంగు నడుముకి దోపి, కలుపు తీసే తొలికె పట్టుకుని సాలు వెంట వంగి ఉంది. కాలి మీద కాటు మచ్చ ఇంకా నల్లగా కనబడుతోంది. గట్టు మీద బూటు జారకుండా నిలబడుతూ వేణుగోపాల్ గొంతు సవరించుకున్నాడు.

"తిప్పక్క మీరేనా?"

"నేనే."

"మీరు డిప్యూటీ కమిషనరా?"

"డాక్టరు సారు అట్లే రాసినాడు. సదువుకున్నోడు అబద్ధం రాస్తాడా? నువ్వెవురు నాయనా?"

"అసిస్టెంట్ కమిషనర్‌ని."

తిప్పక్క నడుము మీద చెయ్యి వేసి నిటారుగా నిలబడింది. "మా ఇద్దరిలో పెద్ద ఎవురు మేడం?"

"హోదా ప్రకారం నువ్వే," అంది వకుళ.

"అయితే ఏమి అట్ల మాను మాదిరి నిలబడినావు? దిగు. ఈ సాలు నాది, ఆ సాలు నీది. చీకటి పడేలోపల తీసెయ్యల్ల."

వేణుగోపాల్ నవ్వాడు. నవ్వుతూనే ఫైలు తెరిచి, 'పేర్కొన్న మహిళ అధికారిణి కాదని ప్రత్యక్ష విచారణలో' అని రాయడం మొదలుపెట్టాడు. కాటు మచ్చ బాగా కనబడటానికి గట్టు దిగి చేలో నిలబడ్డాడు. అతని బూటు పక్కన వేరుశనగ ఆకుల కింద ఏదో సర్రుమంది. ఆకులు వరసగా కదిలి, ఆగాయి.

అతని కలం కూడా ఆగింది.

"ఇక్కడ పాములుంటాయా?" అన్నాడు తల కదపకుండా.

"ఉండకుండా యాడికి పోతాయి?" అంది తిప్పక్క.

"మేడం, ఆ మందు... ఈ ఊరి ఆసుపత్రిలో ఉందా?"

"ప్రస్తుతానికి ఉంది," అంది వకుళ. "రేపటినుంచి ఉంటుందో లేదో మీరు రాసేదాన్ని బట్టి."

ఆకులు ఇంకోసారి కదిలాయి. ఈసారి కొంచెం దగ్గరగా. వేణుగోపాల్ నిలబడ్డచోటే, రాసిన వాక్యాన్ని పూర్తిగా కొట్టేసి కొత్తగా రాశాడు. కళ్లు ఆకుల మీదే ఉంచి రాయడం వల్ల అక్షరాలు పెద్దవిగా పడ్డాయి. వకుళ గట్టు మీంచే చదవగలిగింది.

'డిప్యూటీ కమిషనర్ శ్రీమతి తిప్పక్క గారు విధి నిర్వహణలో ఉన్నారు. ఈ ప్రాంతంలో అధికారుల రద్దీ దృష్ట్యా ప్రత్యేక నిల్వను రెట్టింపు చేయవలసిందిగా సిఫారసు.'